అమ్మ ఫోన్లో నాయిన పేరు లేదు

మా అమ్మ ఫోన్లో నాయిన నంబర్ "పిల్లల నాయిన" అని ఉంటది. ఫోన్ కొనిచ్చిన రోజు నంబర్లన్నీ నేనే ఎక్కిస్తున్న, నాయిన పేరు కొడుతుంటే అమ్మ ఆపింది, గీ ఫోను ఎవరు చేస్తుండ్రో పైకి చెప్తది కద బిడ్డా, నేను తియ్యని పేరు అది నా ముంగట ఒర్రుతుంటే ఎట్ల అన్నది. ముప్ఫై అయిదేండ్ల కాపురంల ఒక్కసారి గూడ ఆయన పేరు నోట్లకెంచి రాలేదు.

నాయిన పోయి రెండేండ్లు. పోయినేడు ఏటీఎం కార్డు ఆగిపోయిందని అమ్మ బ్యాంకు కస్టమర్ కేర్‌కు చేసింది, భర్త పేరు చెప్పండి అన్నరు, అమ్మ మాట్లాడలేదు, వాళ్లు రెండుసార్లడిగి వివరాలు సరిపోలేదని పెట్టేసిండ్రు. నాకు మస్తు బాధైంది. మా నల్లగొండ దిక్కు ఊర్లల్ల అమ్మ ఈడోళ్లు శానామంది ఇట్లనే ఉంటరు, పేరు బదులు పోయిన నెల ఎన్ని పైసలు తీసిండ్రో అడిగితే అమ్మ టక్కున చెప్పేది కద.

అమ్మకు చదువు తక్కువ, కాంటాక్టులన్నీ ఫొటోలను బట్టి గుర్తుపెట్టుకుంటది. అక్కకు యాదగిరిగుట్ట నరసింహస్వామి, మామకు చెర్వుగట్టు రామలింగేశ్వరుడు, ఎదురింటి చాచీకి మక్కా ఫొటో. శ్రావణమాసం వస్తె అందరూ లక్ష్మీదేవి డీపీ పెడ్తరు, అప్పుడు అక్కకు చేద్దామనుకుంటే అత్తకు పోతది, మళ్ల మాసం అయిపోయేదాంక తిప్పలే. రంజాన్ నెలల చాచీ ఫోన్‌ల అజాన్ మోగితే మా ఇంట్ల టైం తెలుస్తది, అమ్మ అప్పటికే ఆమెకు పండ్లు కోసి పెడ్తది.

అమాస రాత్రి చెర్వుగట్టు మీద జనం నిద్ర చేస్తరు కద, మామ అక్కడికెంచి వీడియో కాల్ చేస్తడు. అమ్మ వెంటనే ఎత్తదు. కాళ్లు చేతులు కడుక్కొని, కొంగు నెత్తి మీదికి కప్పుకొని అప్పుడు ఎత్తుతది, అందాక మామ మళ్ల మళ్ల చేస్తనే ఉంటడు. దేవుడు ఎదురుంగ ఉన్నట్టే ఆమెకు. ఆ కాసేపు ఆ ఫోను మీద ఇంకెవ్వరి కాల్ వచ్చినా ఎత్తదు.

ఇగ ఫార్వర్డులు. పదకొండు మందికి పంపకుంటే కీడు జరుగుతదని వస్తయ్ కద, ఎనుకట పోస్టు కార్డుల మీద గూడ ఇట్లనే వచ్చేటివి. పుకార్లు నమ్మి జనాన్ని కొట్టి చంపుడు మొదలైనంక 2018ల వాట్సాప్ మన దేశంల ఒక మెసేజ్ ఒక్కసారికి అయిదు చాట్లకే పోయేటట్టు చేసింది, 2020ల అయితే శానాసార్లు చేతులు మారిన మెసేజ్‌లు ఒక్క చాట్‌కే పోతయ్. అందరూ ఆగుతరనుకున్నరేమో, అమ్మ ఆగలే. ఒక్కొక్కరికి పంపుకుంట, వేళ్ల మీద లెక్క పెట్టుకుంట పదకొండు చేస్తది. మొదట్ల నేను కోపం జేసిన, తర్వాత అడిగిన ఎందుకమ్మా అని, నువ్వు రోజూ బండి మీద పోతవ్ కద అన్నది. అప్పటిసంది ఆమెను ఏమనలే. ఆ భయాన్ని చూసి ఇసుంటియి తయారు చేసి ఒదిలేటోళ్లనే అనాలె.

నాయిన సిమ్ము ఇప్పటికీ రీఛార్జి చేయిస్తది. తొంభై రోజులు వాడకుంటే కంపెనీ ఆపేసి, తర్వాత వేరేటోళ్లకు ఇస్తదని నేనే చెప్పిన, ఆ నంబర్ మీద ఇంకొకరి ఫొటో వస్తదా అన్నది, అంతే, మళ్ల ఆ మాట ఎత్తలేదు గని నెల నెలా గుర్తు చేస్తది.

పెత్రామాస, అంటే పోయినోళ్ల పేరు మీద బియ్యమిచ్చే అమాస నాడు నాకు సెలవు దొరకలే, హైదరాబాద్‌లనే ఉన్న. పొద్దుగాల్నే ఎంగిలిపూల బతుకమ్మకు పూలు తెచ్చి పెట్టి, అమ్మ బియ్యం, పప్పు, కూరగాయలు పళ్లెంల పెట్టుకొని అయ్యగారికి ఇయ్యనీకి గుడికి పోయింది. పేర్లు చెప్పమ్మా అన్నడు అయ్యగారు. ఏటా చెప్పేటోన్ని నేను. అమ్మ వీడియో కాల్ చేసి ఫోన్ అయ్యగారి దిక్కు తిప్పింది, చెప్పు బిడ్డా అన్నది. ఆఫీసు మెట్ల కాడ నిలబడి నాయిన పేరు, తాత పేరు, నాయినమ్మ పేరు చెప్పిన. సిగ్నల్ సరిగ్గ లేక అయ్యగారు నాయిన పేరు మళ్ల అడిగితే ఇంకింత గట్టిగ చెప్పిన, అమ్మ కొంగు అంచు మాత్రం స్క్రీన్‌ల కనపడ్తుంది. వెనక లైన్ల ఇంకో పెద్దామె, మా చిన్నోనికి గూడ గిట్ల కలిపియ్యవా అక్కా, వాడు బొంబాయిల ఉన్నడు అని అమ్మను అడుగుడు నాకు వినొచ్చింది.