విడిభాగాలు దొరకని యుద్ధవిమానం

ఒంగోలులో మా లేత్ షాపుకు పాత డీజిల్ ఇంజిన్లు వస్తుంటాయి. తయారుచేసిన కంపెనీయే ఉండదు, ఇరుసు చుట్టూ ఉండే గొట్టం ముక్క, బుష్, దొరకదు. అరిగిన ముక్కకు కొలత తీసుకుని కొత్తది మేమే తిప్పి ఇస్తాం. అందుకేనేమో, రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ విమానాలను ఇంకా ఎగిరిస్తున్న మెకానిక్‌ల గురించి చదువుతుంటే ఆ పని తప్ప మరోటి తోచడం లేదు.

20 వేలకు పైగా తయారైన విమానం అది. నేడు ఎగరగలిగేవి చాలా కొద్ది. వాటిలో చాలావాటిని నడిపే 12 సిలిండర్ల, 27 లీటర్ల మెర్లిన్ ఇంజిన్ తయారీ ఆగిపోయి దశాబ్దాలైంది. గోదాముల్లో మిగిలిన పాత సరుకు తరిగిపోతోంది. కొత్త భాగం చేయాలంటే పాత డ్రాయింగు కావాలి, అదే గుణమున్న లోహం కావాలి, ఆ లోహం ఎక్కడిదో చెప్పే కాగితమూ ఉండాలి.

నన్ను కట్టిపడేసింది రెక్కలోని దూలం. చదరపు గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చి చేశారు. విమానం ఒంటికి అతికే చోట అన్నీ ఉండి గట్టిగా ఉంటుంది. కొసకు వెళ్లేకొద్దీ లోపలి గొట్టాలు ఒక్కొక్కటే ఆగిపోయి తేలికవుతుంది. ఎంత చక్కని ఆలోచన! దాన్ని మళ్లీ చేయడం ఎంత కష్టమో చేతిపని తెలిసినవారికి చెప్పనక్కర్లేదు.

మ్యూజియంలో పెట్టేస్తే చాలదా అంటారు కొందరు. చాలదు. ఎగరడం ఆగితే బాగుచేసే నేర్పు కూడా పోతుంది. 1947లో కశ్మీర్‌లో మన వైమానిక దళం నడిపిన విమానాలివి. ఢిల్లీ పాలం మ్యూజియంలో ఒకటి ఉంది. మా కుర్రాళ్లకు చూపించాలి.