మూడు వారాల ఎలుకపిల్ల అండాశయం ఖాళీగా కూర్చోలేదు

మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చిన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంకా ఈడుకి రాని ఎలుక కదా మేడమ్, దాని అండాశయంలో కొలవడానికి ఏముంటుంది?" ఈస్ట్రోజెన్ రకం ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రాడయోల్ ఒక్కటే కొలిస్తే వాళ్ల మాట నిజమే అనిపిస్తుంది. అందుకే నేను ముందు స్లైడ్ చూపిస్తాను.

ఆ వయసులో అండాశయం సగ్గుబియ్యం గింజంత ఉంటుంది. ఫార్మలిన్‌లో వేస్తే ఎంజైమ్ పనితనం పోతుంది కాబట్టి వెంటనే గడ్డకట్టించి, చల్లగా ఉంచి కోసే యంత్రం క్రయోస్టాట్‌లో పలచగా కోస్తాం. ఎంజైమ్ మార్చే ముడిసరుకు డీహెచ్‌ఈఏ, దానికి తోడ్పడే ఎన్‌ఏడీ, రంగు మారే లేత పసుపు నైట్రోబ్లూ టెట్రాజోలియం కలిపిన ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. స్టెరాయిడ్ హార్మోన్ల తయారీకి కావాల్సిన 3-బీటా-హెచ్‌ఎస్‌డీ ఎంజైమ్ పనిచేస్తున్న చోటల్లా ఊదా-నీలం రంగు దిగుతుంది. డీహెచ్‌ఈఏ వేయని స్లైడ్ పక్కన లేకపోతే ఆ రంగుని నేను నమ్మను.

మొదటి వారం ఎలుకపిల్లల్లో రంగు దాదాపు కనిపించదు. మూడో వారానికి ఫాలికిల్స్ (అండం పెరిగే సంచులు) చుట్టూ ఉన్న థీకా కణాలు, వాటి మధ్య కణాలు నీలంగా తేలతాయి. లోపలి గ్రాన్యులోసా కణాలు మాత్రం పాలిపోయే ఉంటాయి. అంటే ఆండ్రోజెన్ (మగ హార్మోన్ రకం, ఈస్ట్రోజెన్‌కి ముడిసరుకు) తయారీ బయటి పొరలో మొదలైపోయింది.

మరి ఈస్ట్రాడయోల్ ఎందుకు తక్కువ? అప్పుడు 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ జోరుగా ఉంటుంది. తయారైన ఆండ్రోజెన్‌ని ఎక్కువగా ఆండ్రోస్టేన్‌డయోల్ అనే మరో స్టెరాయిడ్ వైపు మళ్లిస్తుంది. ఒకసారి అటు వెళ్లినదాన్ని, ఈస్ట్రోజెన్ తయారుచేసే ఎంజైమ్ ఆరోమటేజ్ ఈస్ట్రోజెన్‌గా మార్చలేదు. మొదటి అండోత్సర్గం దగ్గరపడే కొద్దీ రిడక్టేజ్ తగ్గి, పిట్యూటరీ గ్రంథి హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రభావంతో గ్రాన్యులోసాలో ఆరోమటేజ్ పెరుగుతుంది. అప్పుడు గానీ రెండు పొరల ఉమ్మడి పని ఫలించదు.

ఆ ఉమ్మడి పనిని స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ ఫాల్క్ 1959లోనే చూపించారు. ఎలుక కంటి ముందు గదిలో థీకా, గ్రాన్యులోసా కణాలను నాటి చూస్తే, రెండు రకాలూ కలిసి ఉన్నప్పుడే ఈస్ట్రోజెన్ ప్రభావం కనిపించింది. ఇప్పటికీ నాకు అది ఎంతో అందమైన ప్రయోగం.

అందుకే మా పిల్లలకి రెండు విషయాలు గట్టిగా చెబుతాను. "ఈడుకి రాని ఎలుక" అని రాసి వదిలేయకండి, వయసు రోజుల్లో రాయండి. ఈస్ట్రాడయోల్‌తో పాటు ఆండ్రోస్టేన్‌డయోల్ కూడా కొలవండి. ఫాలికిల్స్‌ని పెంచే హార్మోన్ పీఎమ్‌ఎస్‌జీ ఇంజెక్షన్‌తో రెండు రోజుల్లో ఎదిగించిన ఫాలికిల్స్‌ని సహజ ఎదుగుదల లెక్కలో కలపనివ్వను.