బిల్లులో రాసిన రైజోబియాన్ని కళ్లారా చూశాను

జూన్ వచ్చిందంటే మా అంగడిలో రైజోబియం ప్యాకెట్లకు గిరాకీ. శెనక్కాయ, పప్పుధాన్యాల వేళ్ల మీది బుడిపెల్లో ఉంటూ, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా ఇది. 200 గ్రాముల ప్యాకెట్, ఎకరా విత్తనానికి ఒకటి. అనంతపురం పాతూరులో ఎరువులు, విత్తనాలు అమ్మే అంగడిలో పన్నెండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఆ పేరు ఎన్ని బిల్లుల మీద రాసి ఉంటానో! ఇంటర్ బైపీసీలో పరీక్షలో కూడా రాశాను. అది ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు. 43 ఏళ్ల వయసులో దూరవిద్యలో బీఎస్సీకి చేరాక, ఈ ఏడాది దాన్ని చూసి తీరాలనుకున్నాను. జూన్ నుంచి నోటు పుస్తకంలో రాసుకున్నవే ఇవి.

జూన్. ముందుగా మైక్రోస్కోపు. స్టడీ సెంటర్‌లో ఒకే మైక్రోస్కోపు, దాని ముందు ఇరవై మంది క్యూ. మన వంతు వచ్చేసరికి ఫోకస్ పోయి ఉంటుంది, సరిచేసుకునేలోపు వెనకవాళ్లు తొందర పెడతారు. అందుకే ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 4, 10, 40, 100 రెట్ల లెన్సులు, పైన కంటి దగ్గర 10. అంటే 40 నుంచి 1000 రెట్ల వరకు. కొనేవాళ్లకు ఒక మాట: లైటు వేసి, తెల్ల కాగితం మీద పెన్నుతో రాసిన అక్షరాన్ని ముందు 4తో, తర్వాత 10తో చూడండి. అక్షరం అంచులు మసకగా ఉంటే లెన్సు మీద బూజు ఉండొచ్చు. నేను మొదట చూసినదాన్ని అలాగే వదిలేశాను.

చేయి తిరగడానికి ఉల్లి వేరుతో మొదలుపెట్టాను. చిన్న టీ గ్లాసు నిండా నీళ్లు పోసి, ఉల్లిగడ్డ అడుగు నీటికి తగిలేలా నిలబెడితే నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. రెండు సెంటీమీటర్లు రాగానే పొద్దున పూట కత్తిరించుకోవాలి. ఆమ్లంలో మెత్తబరచడం, ఎసిటోకార్మిన్‌లో రంగు పట్టించడం స్టడీ సెంటర్ ల్యాబ్‌లోనే చేశాను. ఇంట్లో పిల్లలున్నారు, ఆమ్లం సీసా ఇంట్లో పెట్టుకోను.

నాలుగు స్లైడ్లు పోయాయి. కణాలన్నీ పొడుగ్గా, ఇటుకల్లా కనిపించాయి కానీ ఒక్కటీ విభజనలో లేదు. తప్పు ఎక్కడంటే, నేను వేరు ముక్క సెంటీమీటరు పొడవు తీసుకుంటున్నాను. విభజన జరిగేది కొన దగ్గరే. ఎక్కువ రంగు పట్టి ముదురుగా కనిపించే ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు, మిగతాదంతా కోసి పారేయాలి. స్లైడు మీద కప్పే పలచటి గాజు బిళ్ల (కవర్ స్లిప్) మీద అగ్గిపుల్లతో మెల్లగా తట్టి, పైన బ్లాటింగ్ పేపర్ వేసి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. పక్కకు జరిగితే కణాలు చుట్టుకుపోతాయి. అయిదో స్లైడులో ఒక కణం మధ్యలో క్రోమోజోములు వరుసగా నిలబడి ఉన్నాయి. దాని పక్క కణంలో అవే రెండు గుంపులుగా విడిపోయి చెరో వైపు వెళ్తున్నాయి. ఉల్లికి 16 క్రోమోజోములు. పుస్తకంలో అంకె చదివి ఊరుకోవడం వేరు. ఆ రోజు అన్నం తినడం కూడా మరిచిపోయి రెండు గంటలు చూస్తూనే ఉన్నాను.

జూలై. నార్పల దగ్గర మా ఊళ్లో నాయన శెనక్కాయ వేశాడు. కె-6 విత్తనం, ఎర్రనేల. ఒక పక్క నాలుగు సాళ్లకు మాత్రం నేను రైజోబియం పట్టించాను. బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లారాక పొడి కలిపి, విత్తనాలకు పట్టేలా మెల్లగా కలిపి నీడలో ఆరబెట్టాలి. వేడి నీళ్లలో కలిపితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఎండలో పెట్టినా అంతే. రైతులకు ఇదే మాట ఎన్నేళ్లుగానో చెబుతున్నాను, సొంత చేతులతో చేసింది మాత్రం ఇదే మొదటిసారి.

ఆగస్టు రెండో వారం. మొక్కలకు నలభై రోజులు దాటాయి. పూత బాగుంది, కొన్నింటికి ఊడలు దిగుతున్నాయి. పూసేది పైన, కాసేది నేలలో. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే అయినా వంగి కూర్చుని, ఒక ఊడ మట్టిలోకి దిగే చోటును వేలితో తడిమి చూశాను.

మొక్కను పట్టి పీకకూడదు. బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. చుట్టూ పారతో తవ్వి, మట్టిగడ్డతో సహా పైకి తీసి, బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టాలి. తర్వాత మట్టి దానంతట అదే జారిపోతుంది. వేరు బయటికి రాగానే ఆవగింజంత గుండ్రటి బుడిపెలు, పక్కవేళ్లు చీలే చోట్ల గుంపులుగా కనిపించాయి.

నాయన చూసి, "ఇవి తెగులు గడ్డలు కాదా అమ్మా? మా కాలంలో పురుగు తగిలిందనుకుంటాంటిమి" అన్నాడు. అది సరైన అనుమానమే. నులిపురుగు వల్ల కూడా వేళ్ల మీద గడ్డలు వస్తాయి. తేడా చేత్తోనే తెలుస్తుంది. రైజోబియం బుడిపె వేరు పక్కన అతుక్కుని ఉంటుంది, గోటితో నెడితే ఊడివస్తుంది. నులిపురుగు గడ్డ అంటే వేరు తానే ఉబ్బడం, అది ఊడదు. నాయన గోటితో నెట్టాడు. ఊడింది.

సగం బ్లేడుతో ఒక బుడిపెను రెండుగా కోశాను. లోపల గులాబీ రంగు. కొంచెంసేపు మాట రాలేదు. అది లెగ్‌హీమోగ్లోబిన్, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టం లాంటిది. గాలిలోని నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. కానీ బ్యాక్టీరియా బతకాలంటే ఆక్సిజన్ కావాలి. ఈ ఎర్ర పదార్థం ఆక్సిజన్‌ను పట్టుకుని, కావలసినంత కొంచెంకొంచెంగా అందిస్తుంది. కోసినప్పుడు గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టు, తెల్లగా ఉంటే ఇంకా లేతది లేదా పని చేయనిది, ఆకుపచ్చగా మారితే ముదిరిపోయినట్టు.

రెండు పక్కల మొక్కలకూ బుడిపెలు ఉన్నాయి. రైజోబియం పట్టించని సాళ్లలోనూ ఉన్నాయి, ఎందుకంటే ఏళ్లతరబడి శెనక్కాయ వేసిన నేలలో బ్యాక్టీరియా ముందే ఉంటుంది. నాలుగు సాళ్లు చూసి ప్యాకెట్ పనిచేసిందా లేదా అని నేను తేల్చను. దానికి ఇంకా చాలా మొక్కలు, ఇంకా చాలా మళ్లు కావాలి.

ఆగస్టు మూడో వారం. స్లైడు చేసిన విధానం: బుడిపెను బాగా కడిగి, స్లైడు మీద నీటి చుక్కలో నలిపి, పలచగా పూయాలి. గాలికి ఆరాక స్పిరిట్ దీపం మంట మీదుగా మూడుసార్లు చకచకా తిప్పాలి. రంగుకు జెన్షియన్ వయొలెట్ వాడాను. నోటి పూతకు రాసే ఊదారంగు మందు అదే, మెడికల్ షాపులో దొరుకుతుంది. ఒక నిమిషం ఉంచి, నీటితో మెల్లగా కడిగేశాను.

40 లెన్సుతో ఊదా చుక్కలే. 100 లెన్సుకు స్లైడు మీద నూనె చుక్క వేయాలి, దానికోసమే అమ్మే ఇమ్మర్షన్ ఆయిల్ వేయాలి. చూశాక లెన్సును వెనక్కి తిప్పేటప్పుడు 40కి నూనె అంటింది, మర్నాడు అంతా పొగమంచు. లెన్స్ పేపర్‌తో నాలుగుసార్లు తుడిస్తే గానీ పోలేదు. నూనె వేశాక 40 వైపు తిప్పనే కూడదు.

1000 రెట్లలో కనిపించినవి గుండ్రంగా ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ కడ్డీల్లా, కొన్ని వై అక్షరంలా ఉంది. నేను చూసింది వేరే ఏదో మట్టి సూక్ష్మజీవి అనుకుని ఇంకో రెండు బుడిపెలు కోశాను. అవీ గుండ్రమే. స్టడీ సెంటర్‌లో మేడమ్‌కు ఫోన్‌లో తీసిన ఫొటో చూపించాను. "మీరు చూసింది సరైనదే. బొమ్మలు ఎక్కువగా బఠాణీ, క్లోవర్ లాంటి మొక్కలవి. శెనక్కాయలో బ్యాక్టీరాయిడ్లు, అంటే బుడిపె లోపల రూపం మారిన బ్యాక్టీరియా, గుండ్రంగా ఉబ్బుతాయి" అన్నారు. మా నేలలో ఉన్నది బొమ్మలో లేదు! ఆ సంతోషంతో బస్సులో ఇంటికి వచ్చేదాకా ఫొటోనే చూస్తున్నాను. 1888లో డచ్ శాస్త్రవేత్త బైయెరింక్ బుడిపెల నుంచి ఈ బ్యాక్టీరియాను మొదటిసారి వేరు చేశాడని ఆ రాత్రే చదివాను.

సెప్టెంబరు. నాయన అనంతపురం వచ్చినప్పుడు స్లైడు పెట్టి చూపించాను. ఒక కన్ను మూసుకోవడం ఆయనకు కష్టమైంది, మూయక్కర్లేదని చెప్పాను. రెండు కళ్లూ తెరిచి, ఒక కంటితో చూడడం అలవాటు చేసుకుంటే తలనొప్పి రాదు. చాలాసేపు చూసి, "ఇన్నేళ్లూ యూరియా మూటలు మోస్తి. కిందనే ఇవి పని చేస్తా ఉంటే" అన్నాడు. యూరియా ఎక్కువైతే బుడిపెలు తగ్గుతాయని అప్పుడే చెప్పాను. వచ్చే ఏడు ఒక మడిలో తగ్గించి చూద్దామన్నాడు.

అక్టోబరు. పంట పీకేటప్పుడు మళ్లీ కోశాను. ఎక్కువ బుడిపెలు గోధుమరంగులో, లోపల బోలుగా ఉన్నాయి. మూడు మాత్రం ఇంకా గులాబీ. వాటి స్లైడ్లకు తేదీ, సాలు నంబరు రాసి డబ్బాలో పెట్టాను. ఉలవ చేనికి బుడిపెలు వచ్చేదాకా నాకు పని ఉండదనుకున్నాను కానీ, పక్కింటి చిన్నమ్మ కుండీలో చిక్కుడు మొలిచింది. ఆదివారం దాని వేరు చూస్తాను.