ఘాట్ దిగాక పెడల్ మెత్తబడితే

కొరాపుట్, జయపురం నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగే మనవాళ్లందరికీ ఈ మాట. కిందికొచ్చేసరికి బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే, "ఆయిల్ తగ్గింది, పోసేశాం" అని మెకానిక్ పంపేస్తే అస్సలు ఊరుకోవద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పట్టాక, ఘాట్‌లో బ్రేకుల వేడికి 155 దగ్గరే మరగొచ్చు. అప్పుడు పైపుల్లో ఆవిరి బుడగలు. కాలి బలమంతా వాటిని నొక్కడానికే పోతుంది, చక్రం ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్పించి పైపుల్లోని ఎయిర్ తీయించండి.

అసలు ఆయిల్ ఊరికే తగ్గదు. చక్రం డిస్క్‌ను నొక్కి ఆపే బ్రేక్ ప్యాడ్లైనా అరిగుండాలి, లీకైనా ఉండాలి. టైర్ల లోపలి వైపు తడి చూడండి. బయట ఎక్కడా తడి లేదు, ఇంజన్ ఆన్‌లో పెడల్ నొక్కి ఉంచితే మెల్లగా జారుతోందా? పెడల్ నొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ సీళ్లను అనుమానించాలి.

ఒకే చక్రంలో ఒక ప్యాడ్ 3 మిల్లీమీటర్లకు అరిగి, రెండోది మందంగా ఉందంటే ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్నో పిస్టనో కదలకుండా పట్టేసింది. అది వదిలించకుండా కొత్త ప్యాడ్లు వేస్తే డబ్బు దండగే. పిన్నులకు సిలికాన్ గ్రీజే రాయించండి, మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. పాత ప్యాడ్లు అడిగి తీసుకోండి.