కోడ్ బ్లూ: మంచం కాళ్ల వైపు నిలబడటం

జనరల్ మెడిసిన్ పీజీలో చేరిన కొత్తలో, ఎవరి గుండైనా ఆగిందంటే పరుగెత్తుకెళ్లి ఛాతీ మీద చేతులు వేయడమే నా పని. సీనియర్ రెసిడెంట్‌నయ్యాక రాత్రి డ్యూటీలో కోడ్ బ్లూ, అంటే ఎవరి గుండో ఆగిందన్న అత్యవసర పిలుపు, వస్తే బృందాన్ని నడపాల్సింది నేనే. నడిపేవాళ్లు మంచం కాళ్ల వైపు నిలబడి, వీలైనంతవరకు దేన్నీ ముట్టుకోకూడదు. నన్నడిగితే నొక్కడం కంటే ఇదే కష్టం. కానీ నొక్కే మనిషికి ఛాతీ తప్ప మరేమీ కనబడదు, శ్వాస కోసం ట్యూబు వేసేవారికి గొంతే లోకం. మానిటరు, గోడ గడియారం, అందరి చేతులు ఒకేసారి కనబడేది కాళ్ల వైపు నుంచే.

బాగా గుర్తున్న ఒక రాత్రి గురించి చెబుతాను. యాభై దాటిన మనిషి, కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆయాసంతో వార్డులో చేరిన కాసేపటికే కుప్పకూలాడు. నేను వెళ్లేసరికి స్టాఫ్ నర్సు నొక్కడం మొదలుపెట్టేసింది. మంచం నడుమ కుంగిపోయి ఉంది, నొక్కిన ప్రతిసారీ పరుపే లోపలికి పోతోంది. వీపు కింద చెక్క పెట్టించి, హౌస్ సర్జన్‌ను స్టూలెక్కించాను.

తర్వాత ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి పని అప్పగించాను. గుండెను మళ్లీ కొట్టించడానికి ఇచ్చే మందు అడ్రినలిన్. "ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి" అంటే ఎవరూ ఇవ్వరు, లేదా ఇద్దరు ఇస్తారు. "సిస్టర్, అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము" అంటే, ఆమె ఆ మాటే తిరిగి పలకాలి, ఇచ్చాక "ఇచ్చాను మేడమ్" అని చెప్పాలి. కేస్ షీటు వెనుక ఒకరు టైము రాస్తుంటారు. మూడు నుంచి ఐదు నిమిషాలకు ఒకసారి ఆ మోతాదు మళ్లీ పడాలి కదా, ఆ హడావుడిలో జ్ఞాపకాన్ని నమ్ముకోలేం.

ఛాతీని నొక్కాల్సిన లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రెండు నిమిషాలకు మనిషిని మార్చాలి. "ఇంకా చేయగలను మేడమ్" అన్నాడు హౌస్ సర్జన్. కుర్రవాళ్లందరూ అదే అంటారు. లోతు తగ్గిపోతున్న సంగతి వాళ్లకు తెలియదు. దించేశాను. ఆ మార్పిడిలోనే నాడి చూడాలి, పది సెకన్లు దాటకూడదు. అందుకే నేను పైకే లెక్కపెడతాను. ఏడు దగ్గరికి రాగానే కొత్త చేతులు ఛాతీ మీదికి వచ్చేస్తాయి.

మానిటరు మీద గీతలు వెడల్పుగా, నిదానంగా వస్తున్నాయి. నాడి లేదు. అప్పటికే ఒకరు ప్యాడిల్స్‌కు జెల్లీ రాసి సిద్ధంగా ఉన్నారు. వద్దన్నాను. సినిమాల్లో ప్రతి గుండెకూ కరెంటు పెడతారు గానీ, ఇలాంటి లయకు షాకు పనిచేయదు, కారణం పట్టుకోవాలి.

కారణం ఎడమ చేతి మీదే కనబడింది: మోచేతి దగ్గర ఉబ్బిన డయాలసిస్ ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ధమనిని సిరతో కలిపిన చోటు. "ఆ చేతికి సూది వేయకండి" అంటూనే, తలుపు దగ్గర ఆయన భార్య పక్కన ఉన్న నర్సును అడగమన్నాను, చివరి డయాలసిస్ ఎప్పుడని. ఊళ్లో పెళ్లి ఉందని రెండు విడతలు మానేశాడట. డయాలసిస్ మానేస్తే రక్తంలో పొటాషియం పేరుకుని గుండెనే ఆపేయగలదు. ఇక రక్త పరీక్ష కోసం ఆగలేదు, పొటాషియం పెరిగిందనే అనుకున్నాను. ఆ పొటాషియం దెబ్బ నుంచి గుండెను కాపాడే పది శాతం కాల్షియం గ్లూకోనేట్ మూడు ఆంప్యూళ్లు (చిన్న మందు సీసాలు) కుడిచేతి లైనులో ఇప్పించాను. తర్వాత సెలైన్‌తో లైను కడిగించాకే బైకార్బొనేట్. రెండూ కలిస్తే లైనులోనే తెల్లగా గడ్డకడతాయి. తర్వాతి మార్పిడిలో మెడ దగ్గర వేలు పెట్టిన పీజీ తలెత్తి చూసింది. "ఉంది మేడమ్."

వెంటనే పొటాషియం తగ్గించడానికి ఇన్సులిన్, డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) మొదలుపెట్టి, వెంటిలేటర్ మీద పెట్టి, డయాలసిస్ టెక్నీషియన్‌ను ఇంటి నుంచి పిలిపించాం.

అన్నీ ఇలా తేలవు. ఆసుపత్రిలో గుండె ఆగినవాళ్లలో ఎక్కువమంది ఇంటికి వెళ్లరు. ఆపేయాల్సి వచ్చినప్పుడు ముందు అందరినీ అడుగుతాను: "మనం చూడనిది ఏదైనా ఉందా?" వార్డు బాయ్‌ను కూడా. తర్వాత బయటికి వెళ్లి "చనిపోయారమ్మా" అనే చెబుతాను. "సీరియస్‌గా ఉంది" అని నాన్చితే వాళ్లు ఆశ పెట్టుకుని కూర్చుంటారు.

ఆ రాత్రి పని ముగిశాక ఐదు నిమిషాలు అక్కడే నిలబడి మాట్లాడుకున్నాం. స్టాఫ్ నర్సు ఒక్క మాటే అంది: కాల్షియం అత్యవసర మందుల ట్రాలీలో లేదు, అల్మారాలో ఉంది, తాళం చెవి హెడ్ నర్సు దగ్గర. ఆమె అప్పుడు పక్క వార్డులో ఉందట. మర్నాడు సూపరింటెండెంట్‌కు అర్జీ పెట్టాను. ఇప్పుడు ఆంప్యూళ్లు ట్రాలీ పై సొరుగులోనే ఉంటున్నాయి, తాళానికి బదులు లాగితే తెగిపోయే ప్లాస్టిక్ సీలు వేశారు. సీలు తెగిందో లేదో షిఫ్టు మారినప్పుడల్లా చూసి సంతకం పెట్టడం మాత్రం ఇంకా అలవాటు కావాలి.