మాస్టర్ నిటింగ్ కోసం ఊలు ఎంపిక

అమెరికాలోని నిటింగ్ గిల్డ్ అసోసియేషన్ నడిపే మాస్టర్ హ్యాండ్ నిటింగ్ (సూదులతో చేసే చేతి అల్లిక) కార్యక్రమంలో మొదటి స్థాయిని ఈ వారమే మొదలుపెట్టాను. మొత్తం స్థాయిలు మూడు. మనం అల్లి పంపిన చిన్న చిన్న నమూనా ముక్కలను అనుభవజ్ఞులు నిశితంగా పరిశీలిస్తారు కాబట్టి, లోపాన్ని దాచే ఊలు ఇక్కడ పనికిరాదు.

అందుకే నాకెంతో ఇష్టమైన ముదురు నీలం ఉండలను పక్కన పెట్టి, 4 అంగుళాల వెడల్పుకు 20 కుట్లు పడే, మీగడ రంగులో నున్నగా ఉన్న గొర్రె ఊలు తీసుకున్నాను. నూలు దారానికి సాగి మళ్లీ ముడుచుకునే గుణం తక్కువ. ఊలునైతే తడిపి, పిన్నులు గుచ్చి ఆరబెడితే చిన్నపాటి హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుంటాయి. మెషిన్‌లో ఉతకదగిన ఊలు తడిస్తే సాగిపోయే అవకాశం ఎక్కువ కనుక దాన్నీ వద్దనుకున్నాను.

మొదటి ముక్కను కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తే, ప్రతి రెండు వరుసలకూ ఒక సన్నని చాలు కనిపించింది. పర్ల్ వరుస, అంటే ఒకటి విడిచి ఒకటిగా వచ్చే ఉల్టా కుట్ల వరుస, వదులుగా పడుతోందన్నమాట. ముదురు రంగులో ఇన్నేళ్లుగా ఇది నా కంటపడనే లేదు. ముక్క మొత్తం విప్పేసి, పర్ల్ వరుసకు మాత్రం ఒక సైజు తక్కువ సూది పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను.