లెక్కల్లో వెనక్కి పడిన పిల్ల

"అవ్వా, నేను మ్యాథ్‌లో వెనక్కి పడిపోయాను."

పోయిన నవంబర్లో వీడియో కాల్లో మా పాప మా అమ్మతో అన్న మాట ఇది. పాపకి తొమ్మిదేళ్లు. మేముండేది న్యూజెర్సీలో, అమ్మ ఉండేది కల్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో. 'మ్యాథ్‌లో' అన్నది అమ్మకి వినపడలేదో, విన్నా పట్టించుకోలేదో, 'పడిపోయాను' దగ్గరే ఆగిపోయింది. "యాడ పడితివే తల్లీ? తలకేమన్నా తగిల్నా? మీ అమ్మ యాడుండాది, ఫోను దానికియ్యి" అని ఒకటే కంగారు. వెనక్కి తిరిగి వీపు చూపించమంది. పాప అయోమయంగా తిరిగి చూపించింది కూడా. మా ఆయన పక్క గదిలో నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు.

నేను ఫోన్ తీసుకుని "పడలేదు లేమ్మా, లెక్కల్లో కొంచెం వెనకబడిందని టీచర్ చెప్పింది, అంతే" అన్నా. అమ్మ ఊపిరి పీల్చుకుని "ఓస్, అంతేనా" అంది. దెబ్బ తగల్లేదు కదా, ఇంకేం కావాలి అన్నట్టు. నాకైతే ఆ 'అంతేనా' అప్పుడు మింగుడు పడలేదు. రెండు రోజులుగా ఆ మాట మీదే నిద్ర లేదు నాకు.

ఇక్కడ నవంబర్ ప్రాంతంలో పేరెంట్ టీచర్ కాన్ఫరెన్స్ ఉంటుంది. పదిహేను నిమిషాలు, పిల్లల సైజు కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని వినాలి. టీచర్ నవ్వుతూ, ఎంతో మెత్తగా, "షీ ఈజ్ ఫాలింగ్ బిహైండ్ ఎ లిటిల్ ఇన్ మ్యాథ్" అంది. భిన్నాలు ఎక్కట్లేదట. ఆమె చెప్పింది ఇంగ్లీషులో, నాకు వినపడింది తెలుగులో. "మీ పాప వెనకబడింది." ఎ లిటిల్ అన్నది దారిలో ఎక్కడో రాలిపోయింది. ఇంటికొచ్చేదాకా కారులో ఎవరితోనూ మాట్లాడలేదు, పాప వెనక సీట్లో పాట పాడుకుంటోంది.

తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే అనిపించింది, ఆ రెండు మాటలు ఒకటి కావు. ఈజ్ ఫాలింగ్ అంటే ఇంకా జరుగుతూ ఉన్న పని. నడుస్తోంది, కాస్త వెనకపడుతోంది, రేపు కలుసుకోవచ్చు, అందుకే దాని పక్కనే క్యాచప్ అనే ఇంకో మాట సిద్ధంగా ఉంటుంది. మనం 'వెనకబడిన' అంటే అయిపోయింది, ముద్ర పడింది. వెనకబడిన తరగతి, వెనకబడిన ప్రాంతం, వెనకబడిన జిల్లా. అనంతపురంలో పుట్టిన వాళ్లకు ఈ మాట ఎంత బరువో నేను చెప్పక్కర్లేదు. ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదలుపెట్టింది మా జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో, సాక్షాత్తు ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి. ఎందుకు మా దగ్గర అంటే, మొదటి విడతకి ఎంచుకున్న 200 వెనకబడిన జిల్లాల్లో మాదీ ఒకటి. నేనప్పుడు కాలేజీలో ఉన్నా. హాస్టల్లో కోస్తా అమ్మాయిలు "మీ ఊరు టీవీలో వచ్చిందే" అంటే గర్వపడాలో సిగ్గుపడాలో తెలియక నవ్వేశా. ఆ జిల్లా నుంచి ఇంత దూరం వచ్చి, చిన్న కుర్చీలో కూర్చుంటే, మళ్లీ అదే మాట.

ఇక మా పాప సంగతి. తనకి ఫాల్ బిహైండ్ అనేది అసలు తిట్టు కాదు, రోజువారీ మాట. స్నేహితురాళ్లందరూ చూసేసిన సీరియల్లో నాలుగు ఎపిసోడ్లు చూడకపోతే ఫాల్ బిహైండ్. ట్రెయిల్ మీద నడుస్తూ తమ్ముడు రాళ్లేరుకుంటూ ఆగిపోతే వాడు ఫాలింగ్ బిహైండ్. సోఫాలో మడతపెట్టని బట్టల కుప్ప చూసి "మామ్, యూ ఫెల్ బిహైండ్ ఆన్ లాండ్రీ" అంటుంది, నవ్వుతూనే. చదువైతే ఇన్, మిగిలిపోయిన పనులకీ కట్టాల్సిన డబ్బులకీ ఆన్. బ్రిటిష్ వాళ్లు డబ్బుల దగ్గర విత్ కూడా అంటారు, అమెరికాలో ఆన్ ఎక్కువ. మేం వచ్చిన మొదటి ఏడాది అద్దె చెక్కు ఆలస్యమైతే అపార్ట్‌మెంట్ ఆఫీసు తలుపుకి అంటించిన కాగితంలో కూడా ఇదే మాట, కింద లేట్ ఫీ. ఆ కాగితాన్ని పక్కింటి వాళ్లు చూశారేమో అని వారం రోజులు లిఫ్టులో తలదించుకుని నిలబడ్డా.

మరి ఇవన్నీ తెలుగులో ఏమంటాం? ఒక రాత్రి పాపా నేనూ కూర్చుని ప్రయత్నించాం. వెనకబడటం అన్నిటికీ సరిపోతుందనుకున్నా కానీ చదువు దాటాక ఎక్కడా కుదర్లేదు. అద్దె కట్టకపోతే వెనకబడ్డాం అనం కదా, బాకీ పడ్డాం అంటాం. అమ్మ వాళ్ల డ్వాక్రా గ్రూపులో అయితే 'కంతు తప్పింది' అంటారు, ఆ మాట అనిపించుకోవడం కంటే గాజులు కుదువ పెట్టడం నయం అనుకునే ఆడవాళ్లు నాకు తెలుసు. బట్టలు మడతపెట్టకపోతే పని మిగిలిపోయింది, అంతే. సీరియల్ సంగతైతే "నేనింకా అక్కడిదాకా రాలేదు, చెప్పొద్దు" అంటాం. నడకలో "వెనకపడొద్దు, కలిసి నడువు" అంటాం నిజమే, కానీ అదే వెనకపడటం ఒక అబ్బాయి గురించి అంటే అర్థం వేరు, మా ఆయన "నేను మీ అమ్మ వెనక రెండేళ్లు పడ్డా" అని మధ్యలో దూరి పాపకి వచ్చిన కాస్త స్పష్టతా చెడగొట్టాడు. "సో డాడీ ఫెల్ బిహైండ్ మామ్?" అంది పాప. అదీ నిజమే.

ఇంకో తిరకాసు. ఆ వారంలోనే గడియారాలు గంట వెనక్కి తిప్పారు, ఇక్కడ దాన్ని ఫాల్ బ్యాక్ అంటారు, నవంబర్ మొదటి ఆదివారం. మాకూ ఇండియాకీ మధ్య తొమ్మిదిన్నర గంటల తేడా పదిన్నర అయిపోతుంది. అమ్మకి ఇది ఏటా కొత్తే. "మీ దేశంలో టైమును కూడా వెనక్కి పడేస్తారా" అంటుంది. ఫాల్ బ్యాక్ పక్కన ఆన్ పెడితే మళ్లీ ఇంకో అర్థం, కష్టంలో దేని మీద ఆధారపడతామో అది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

(గ్రీన్ కార్డు క్యూ గురించి ఇక్కడ రాయకూడదనుకున్నా. కానీ ఏ దేశం వాళ్లకైనా ఏడాదికి ఏడు శాతం మించి ఇవ్వకూడదన్న లెక్క ఉన్నంతకాలం మనవాళ్లం ఆ లైన్లో ఎక్కడున్నామో అందరికీ తెలుసు. ముందుకొచ్చిన మన వంతు తేదీ కూడా ఒక్కోసారి వెనక్కి పోతుంది. అప్పుడు ఫాల్ బిహైండ్ అన్న మాట పిల్లల చదువు కోసమే ఎందుకు దాచిపెడతారో అనిపిస్తుంది.)

జూన్ ఆఖర్లో ఇక్కడ స్కూలు అయిపోగానే పిల్లలిద్దర్నీ తీసుకుని ఊరెళ్లా. బెంగళూరులో దిగి కారులో హైవే ఎక్కితే మధ్యాహ్నానికి ఇల్లు. మనం సెలవులకి వెళ్లేసరికి అక్కడ సెలవులైపోయి బళ్లు తెరిచేసి ఉంటాయి, ఏటా ఇదే గోల, మా అన్న కొడుకు పొద్దున్నే యూనిఫాం వేసుకుని ఉగ్గాని తిని బడికి పోతే మా వాళ్లు ఖాళీగా గుమ్మంలో నిలబడి చూస్తుంటారు. వాడూ మా పాపా ఒకే వయసు. సాయంత్రం వాడు పేపర్లో హెడ్డింగులు గడగడా చదువుతుంటే నా కడుపులో ఏదో తిప్పేసింది. మా పాపకి అక్షరాలొచ్చు, గుణింతం వచ్చు, వత్తులొస్తే ఆగిపోతుంది. అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఆర్టీసీ బస్సు బోర్డు చూసి "క... ల్... యా... ణ..." అని కూడబలుక్కుంటుంటే 'దుర్గం' దాకా రాకముందే బస్సు కదిలిపోయింది. అది పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. భిన్నాలకి ట్యూషన్ పెట్టించా, దీనికేం పెట్టించను?

అసలు ఎవరు వెనకబడ్డారో చూడాలంటే నన్ను చూడాలి. పద్నాలుగేళ్లుగా బయట ఉన్నా. ఊళ్లో ఎవరు పోయారో, ఎవరి బావి ఎండిందో, ఎవరికీ ఎవరికీ మాటల్లేవో నాకు తెలియదు. ఫ్యామిలీ గ్రూపులో నాలుగు వందల మెసేజీలు చదవకుండా పేరుకుపోయి ఉంటాయి. పోయిన పెద్దమనిషిని "బాగున్నాడా" అని ఆయన కోడల్నే అడిగా ఈసారి. ఆమె ఏమీ అనలేదు, మంచినీళ్లు ఇచ్చింది. దీనికి ఇంగ్లీషులో ఏ ప్రిపోజిషన్ వాడాలో మా పాపని అడగలేదు.

జూలై మూడో వారం వచ్చినా సరైన వాన పడలేదు. ఏడాది మొత్తానికీ 550 మిల్లీమీటర్లకి అటూఇటూ పడే జిల్లా మాది, అదీ పడాల్సినప్పుడు పడదు. నడవలో శెనక్కాయ విత్తనం మూటలు, వాటి మీదే పిల్లలు ఎక్కి ఆడుతున్నారు. అన్న రోజుకి పదిసార్లు బయటికెళ్లి ఆకాశం చూసి వస్తున్నాడు. ఒకరోజు సాయంత్రం అమ్మ చేను చూసొస్తానంటే పాప వెంటబడింది. గట్టు మీద అమ్మ డెబ్బై ఏళ్ల వయసులో హవాయి చెప్పులేసుకుని చకచకా పోతోంది, ఇది ఖరీదైన బూట్లేసుకుని రాళ్లు చూసుకుంటూ "అవ్వా, వెయిట్, ఐయామ్ ఫాలింగ్ బిహైండ్" అని అరుస్తోంది. అమ్మకి ఈసారి అర్థమైంది. ఆగి, "బిర్నా రా" అంది, తొందరగా రమ్మని.

చేలో నిలబడి అమ్మ మట్టి తీసి పిడికిలితో నొక్కి చూసింది. ముద్ద కట్టలేదు, జారిపోయింది. పదును లేదు. పాప ఏమైందని అడిగింది, నేను చెప్పా, విత్తనం వేసే టైము దాటిపోతోందని. శెనక్కాయ వంద రోజులు దాటే పంట. ఇంకా ఆలస్యంగా వేస్తే ఊడలు, అంటే పూత నుంచి భూమిలోకి దిగే కాడలు, దిగి కాయ ఊరే టైముకి వానలు ఆగిపోతాయి. భూమి గట్టిపడితే ఊడ దిగదు, దిగకపోతే కాయ లేదు. మా నాయన ఉన్నప్పుడు పుష్యమి కార్తె దాటితే శెనక్కాయ ఊసెత్తనిచ్చేవాడు కాదు. "సో వాళ్లు ఫెల్ బిహైండ్ అయ్యారా?" అంది పాప. నేను అమ్మకి తెలుగులో అడిగా, అదును తప్పితే ఏం చేస్తారని అడుగుతోందని.

"ఏం చేస్తాం, ఉలవలు చల్లుతాం" అంది అమ్మ.

అంత మామూలుగా అంది, ఇల్లు ఊడుస్తాం అన్నట్టు. ఉలవలకి వాన ఎక్కువ అక్కర్లేదు, ఆగస్టు ఆఖర్లో చల్లినా వస్తాయి, గింజ మనుషులకీ కట్టె పశువులకీ. డబ్బులు మాత్రం శెనక్కాయకొచ్చినట్టు రావు, ఆ సంగతి అమ్మకీ తెలుసు, బ్యాంకుకీ తెలుసు. ఆ నష్టాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు, మూటలు అలాగే వెనక్కి పోయిన ఏళ్లలో ఇంట్లో ఎలా ఉండేదో నాకింకా గుర్తుంది. కానీ పాప మాత్రం బుర్రలో ఏదో కలుపుకుని, "ఓ, దే ఫాల్ బ్యాక్ ఆన్ ఉలవలు" అంది. అదేమన్నదో అమ్మ అడిగితే నాకు తెలుగులో చెప్పడానికి కాసేపు పట్టింది.

ఆ రాత్రి ఉలవచారు చేసింది అమ్మ. పాప రెండోసారి పోయించుకుంది. బడి నుంచి వచ్చిన అన్న కొడుకు దానికి 'ల్యా'కీ 'ళ్యా'కీ తేడా చెప్తున్నాడు, ఇది వాడికి పిజ్జా ముక్కలు గీసి భిన్నాలు చెప్తోంది, అది కూడా తప్పు. నేను దిద్దబోయి ఊరుకున్నా.

తిరిగొచ్చాం, సెప్టెంబర్లో స్కూలు మొదలైంది. జెట్‌లాగ్ వల్ల మొదటి వారం హోంవర్కు చేయకుండానే నిద్రపోయేది. ఆదివారం వీడియో కాల్లో అమ్మ "ఏమ్మా, ఆడుకోకుండా ఏం రాస్తాండావు?" అని అడిగింది. పాప నా వైపు చూసింది. నేను అందించలేదు.

"హోంవర్క్ బాకీ పడ్డాను అవ్వా."

"అట్లనా. వడ్డీ ఎంతమ్మా?" అంది అమ్మ.